ఫినాఫ్తలీన్ గులాబీ రంగు తరగతి మధ్యలో తనంతట తానే మాయమైంది, ఎందుకు?

ప్రశ్న
(జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు)

సహోపాధ్యాయులకు నమస్కారం. పదో తరగతి వారికి ఆమ్లాలు, క్షారాలు, లవణాల పాఠాన్ని నేను పన్నెండేళ్లుగా ఒకే ప్రదర్శనతో మొదలుపెడుతున్నాను. బల్ల మీద మూడు గాజు గ్లాసులు ఉంచుతాను. మొదటి దానిలో కాసిని నీళ్లు, నాలుగు చుక్కల ఫినాఫ్తలీన్, అంటే రంగు మారి ఆమ్లమో క్షారమో తెలిపే సూచిక. రెండో దానిలో సజల సోడియం హైడ్రాక్సైడ్. మూడో దానిలో సజల హైడ్రోక్లోరికామ్లం. మూడూ చూడడానికి మంచినీళ్లలాగే ఉంటాయి. మొదటి గ్లాసును రెండో దానిలోకి ఒంపగానే చిక్కని గులాబీ రంగు పుడుతుంది, దానిని మూడో గ్లాసులోకి ఒంపగానే ఆ రంగు పోతుంది. ఇక ప్రశ్నలు అడగమని పిల్లలను బతిమాలవలసిన పని ఉండదు.

ఈసారి కథ అడ్డం తిరిగింది. మా ప్రయోగశాలలోని త్రాసు పనిచేయడం లేదు కనుక సోడియం హైడ్రాక్సైడ్ బిళ్లలను చెంచాతో ఉజ్జాయింపుగా తీసి 250 మిల్లీలీటర్ల నీటిలో కరిగించాను. వెనుక బెంచీల వారికి కూడా కనిపించాలన్న ఉద్దేశంతో అందులో సుమారు 100 మిల్లీలీటర్లు రెండో గ్లాసులో పోశాను. మొదటి గ్లాసులోని నీళ్లు అందులో ఒంపగానే ఎప్పటిలాగే రంగు వచ్చింది. గ్లాసును పైకెత్తి చూపిస్తూ సూచిక అంటే ఏమిటో వివరిస్తుండగా ముందు బెంచీలోని అమ్మాయి లేచి, “సార్, రంగు పోతోంది” అంది. తిరిగి చూస్తే నిజంగానే పలచబడింది. నాలుగైదు నిమిషాలు గడిచేసరికి గ్లాసులో ఉన్నది మళ్లీ నీళ్లలాగే అయిపోయింది. మూడో గ్లాసును నేను అప్పటికి ముట్టుకోనే లేదు.

క్షారం ఆమ్లంగా మారిపోయిందా అని ఒక పిల్లవాడు అడిగాడు. ఎర్ర లిట్మస్ కాగితం ముంచి చూస్తే వెంటనే నీలంగా మారింది, కాబట్టి క్షారం క్షారంగానే ఉంది. మరో రెండు చుక్కల ఫినాఫ్తలీన్ వేస్తే గులాబీ రంగు మళ్లీ వచ్చి మళ్లీ పోయింది. గంట కొట్టేశారు కనుక ఆనాటికి బయటపడ్డాను, కానీ సోమవారం నాడు ఆ పిల్లల ముందు మళ్లీ నిలబడాలి.

ఇదే సందర్భంలో మరో రెండు సందేహాలు కూడా అడుగుతాను. మొదటిది, వంట సోడా క్షార స్వభావం గలదని మనమే చెబుతాము, అయినా దాని ద్రావణంలో ఫినాఫ్తలీన్ వేస్తే రంగు దాదాపు రాలేదు. బట్టల సోడాలో వేస్తే మాత్రం చిక్కగా వచ్చింది. రెండవది, మందార పూల రసం ఎర్రగా వస్తుందనుకుంటే, మా బడి బోరు నీటిలో మరిగిస్తే బూడిద కలిసిన నీలంలాగా, చూడబుద్ధి కాని రంగులో దిగింది. దయచేసి తెలిసినవారు వివరించగలరు.

మొదటి జవాబు
(ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు)

మాస్టారు గారూ, ఇది గాలిలోని కార్బన్ డయాక్సైడ్ చేసే పని అని నా అభిప్రాయం. ఇంటర్‌లో అంశమాపనం (టైట్రేషన్) చేసిన రోజులు గుర్తు తెచ్చుకోండి. ఆమ్లం, క్షారం సరిసమానమయ్యే తుది స్థానం దగ్గర లేత గులాబీ రంగు వచ్చిందని సంతోషించి శాంకవ కుప్పెను బల్ల మీద పెడితే, రీడింగు రాసుకునే లోపల రంగు పోయేది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి ఆ మిగిలిన కాస్త క్షారాన్ని తినేయడమే దానికి కారణమని మా అధ్యాపకులు చెప్పారు. మీ గ్లాసు మూతి వెడల్పైనది, పైగా మీరు దానిని పైకెత్తి అటూ ఇటూ తిప్పి ఉంటారు. ఈసారి మూత బిగించిన సీసాలో చేసి చూడండి.

రెండో జవాబు
(డిగ్రీ కళాశాల, రసాయనశాస్త్ర అధ్యాపకుడు)

పై మిత్రుడు అంశమాపనం గురించి చెప్పినది నూటికి నూరు పాళ్లు నిజమే కానీ, ఈ గ్లాసుకు అది వర్తించదు. ఎందుకు వర్తించదో లెక్క వేసి చూద్దాం.

మాస్టారూ, చెంచాతో ఎన్ని బిళ్లలు వేశారో మీరు రాయలేదు. ఉజ్జాయింపుగా 20 గ్రాములు అనుకుంటాను. సోడియం హైడ్రాక్సైడ్ అణుభారం 40, అంటే 40 గ్రాములు ఒక మోల్, కనుక అది అర మోల్. 250 మిల్లీలీటర్లలో అర మోల్ అంటే లీటరుకు 2 మోళ్లు, అంటే 2 మోలార్ ద్రావణం. మనం తరగతిలో వాడుకునే 0.1 మోలార్ ద్రావణానికి ఇది ఇరవై రెట్ల గాఢత. ఆ నీటిలో బిళ్లలు కరిగేటప్పుడు పాత్ర బాగా వేడెక్కి ఉండాలి, ఎందుకంటే అంత క్షారం అన్ని నీళ్లలో కరిగితే ఉష్ణోగ్రత సుమారు 20 డిగ్రీలు పెరుగుతుంది. చేతికి ఆ వేడి తగిలిందా లేదా గుర్తు చేసుకోండి, తగిలి ఉంటే నా అంచనా సరైనదే.

ఇప్పుడు మీ గ్లాసులో పోసిన 100 మిల్లీలీటర్లలో 0.2 మోల్ క్షారం ఉంది. అదంతా కార్బొనేట్‌గా మారాలంటే 0.1 మోల్ కార్బన్ డయాక్సైడ్ కావాలి, అంటే గది ఉష్ణోగ్రత వద్ద సుమారు రెండున్నర లీటర్ల వాయువు. గాలిలో ఆ వాయువు ఉండేది పదివేల పాళ్లలో నాలుగు పాళ్లకు కొంచెం అటూ ఇటూ. కాబట్టి ఆరువేల లీటర్ల గాలిని ఆ గ్లాసు ఐదు నిమిషాల్లో పీల్చుకుని, అందులోని కార్బన్ డయాక్సైడ్ నంతటినీ వడపోసి పట్టుకోవాలి. సరే, పట్టుకుందనే అనుకుందాం. అప్పుడు గ్లాసులో మిగిలేది సోడియం కార్బొనేట్, అంటే మీ బట్టల సోడాయే. అందులో ఫినాఫ్తలీన్ చిక్కని గులాబీ రంగు ఇస్తుందని మీరే రాశారు. మరి రంగు ఎక్కడికి పోయినట్టు?

అసలు సంగతి ఏమిటంటే, ఫినాఫ్తలీన్‌కు రంగు లేని రూపం ఒకటి కాదు, రెండు. పాఠ్యపుస్తకంలో మనం చెప్పే “ఆమ్లంలో రంగు ఉండదు, క్షారంలో గులాబీ” అన్న వాక్యం మధ్యలో ఉన్న రెండు మెట్లను మాత్రమే చెబుతుంది. పీహెచ్ అంటే ఆమ్ల, క్షార బలాన్ని చెప్పే కొలత, 7 తటస్థం, అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఆ విలువ 8.2 దాటే వరకు రంగు ఉండదు. అక్కడి నుంచి 10 వరకు గులాబీ చిక్కబడుతుంది. ఆ పైన చాలా దూరం అలాగే నిలుస్తుంది. కానీ క్షారం మరీ గాఢంగా ఉండి పీహెచ్ 13 దాటితే, రంగు మెల్లగా కరిగిపోతుంది. “మెల్లగా” అన్నది ఇక్కడ ముఖ్యమైన మాట. గులాబీ రంగు రావడం రెప్పపాటులో జరుగుతుంది, పోవడం మాత్రం నిమిషాల మీద జరుగుతుంది. క్షారం ఎంత గాఢమైతే అంత వేగంగా పోతుంది, వేడి తోడైతే మరింత వేగంగా పోతుంది. అందుకే మొదట మీకు అనుమానం రాలేదు.

లోపల జరిగేది ఇది. ఈ అణువులో మూడు బెంజీన్ వలయాలు ఒకే కార్బన్ పరమాణువును పట్టుకుని ఉంటాయి. రంగు లేని మొదటి రూపంలో ఆ నడిమి కార్బన్‌కు నాలుగు వైపులా ఏకబంధాలే ఉంటాయి కనుక, ఒక వలయంలోని ఎలక్ట్రాన్లకు పక్క వలయంలోకి దారి ఉండదు. విడివిడిగా ఉన్న ఆ వలయాలు అతినీలలోహిత కాంతిని తప్ప కంటికి కనిపించే కాంతిని శోషించుకోలేవు. క్షారం వచ్చి ఈ అణువు నుంచి రెండు ప్రోటాన్లను లాక్కోగానే ఒక ఉంగరం తెరుచుకుంటుంది, నడిమి కార్బన్‌కు ద్విబంధం ఏర్పడి అది చదునుగా పరుచుకుంటుంది, ఎలక్ట్రాన్లకు వలయం నుంచి వలయానికి రాజమార్గం దొరుకుతుంది. అప్పుడు అది 550 నానోమీటర్ల ప్రాంతంలోని ఆకుపచ్చ కాంతిని మింగేస్తుంది, మన కంటికి మిగిలిన గులాబీ కనిపిస్తుంది. హైడ్రాక్సైడ్ అయాన్లు మరీ కిక్కిరిసి ఉన్నప్పుడు వాటిలో ఒకటి నేరుగా వచ్చి ఆ నడిమి కార్బన్‌కే అతుక్కుంటుంది. మళ్లీ నాలుగు ఏకబంధాలు, మళ్లీ దారి మూత, మళ్లీ రంగు మాయం. మీరు కొత్తగా రెండు చుక్కలు వేసినప్పుడు కొత్త అణువులు కూడా ఇదే దారిలో నడిచి రంగు పోగొట్టుకున్నాయి.

సోమవారం నాడు మీరు పిల్లల ముందు తేల్చవలసిన ప్రశ్న ఒక్కటే: రంగు పోయింది క్షారం తక్కువై పోయిందా, ఎక్కువై పోయిందా? దీనికి డ్రాపర్ చాలు. రంగు పోయిన ద్రావణంలో ఒక చుక్క క్షారం వేస్తే గులాబీ తిరిగి వచ్చినట్లయితే గాలిది తప్పు. దానిని నీటిలో పలచన చేసి, సజల ఆమ్లాన్ని చుక్క చుక్కగా వేస్తున్నప్పుడు గులాబీ తిరిగి వచ్చినట్లయితే త్రాసు లేని చెంచాది తప్పు. ఆమ్లం వేస్తే గులాబీ రంగు రావడం పిల్లలు ఎన్నడూ చూసి ఉండరు, కాబట్టి మీ పాడైన ప్రదర్శన కంటే ఇదే బాగుంటుంది. అయితే ఆ రెండు మోలార్ ద్రావణంలోకే నేరుగా ఆమ్లం ఒంపవద్దు. ఒక మిల్లీలీటరు తీసి 40 మిల్లీలీటర్ల నీటిలో కలిపి, ఆ తరువాత వెనిగర్ చుక్కలు వేయండి, రంగు నెమ్మదిగా వస్తుంది కనుక చుక్కకూ చుక్కకూ మధ్య కాస్త ఆగండి. ఆనాడు మూడో గ్లాసులోకి ఒంపకుండా ఆగిపోవడం ఒక విధంగా మంచిదైంది. అంత క్షారం ఆమ్లంతో కలిస్తే గ్లాసు బాగా వేడెక్కి, చిందితే ప్రమాదం జరిగేది.

మిగిలిన ద్రావణాన్ని పారబోయకండి. అందులో 10 మిల్లీలీటర్లు కొలిచి లీటరు నీటిలో కలిపితే సుమారు 0.02 మోలార్ అవుతుంది. దానిలో గులాబీ రంగు పీరియడ్ అంతా నిలుస్తుంది, మూడో గ్లాసులో 10 మిల్లీలీటర్ల వెనిగర్ ఉన్నా ఆ గ్లాసెడు ద్రావణం రంగు పోగొట్టడానికి సరిపోతుంది. హైడ్రోక్లోరికామ్లం అవసరమే లేదు.

వంట సోడా విషయం ఇంకా సులభం. సోడియం బైకార్బొనేట్ ద్రావణం పీహెచ్ సుమారు 8.3. ఫినాఫ్తలీన్ కళ్లు తెరిచేది 8.2 దగ్గర. అంటే ఆ సూచిక గుమ్మం దగ్గరే మీ ద్రావణం ఆగిపోయింది, లోపలికి అడుగు పెట్టలేదు. బట్టల సోడా పీహెచ్ 11 ప్రాంతంలో ఉంటుంది కనుక అది దర్జాగా లోపలికి వెళ్లింది. “ఫినాఫ్తలీన్‌లో రంగు రాలేదు, కాబట్టి అది క్షారం కాదు” అని పిల్లలు రాస్తే తప్పు వాళ్లది కాదు, ఒకే సూచికతో పాఠం ముగించిన మనది. మిథైల్ ఆరెంజ్‌తో దీనికి సరిగ్గా తలకిందుల చిక్కు వస్తుంది: అది 3.1 దగ్గర ఎర్రదనం వదలడం మొదలుపెట్టి 4.4 దగ్గర పూర్తిగా పసుపు పచ్చగా మారిపోతుంది కనుక, బలహీనమైన ఆమ్లం పీహెచ్ 5 దగ్గర ఉంటే దానిని కూడా పసుపు రంగులోనే చూపిస్తుంది. ప్రతి సూచికకూ తన గుమ్మం తనది, ఆ గుమ్మం 7 దగ్గరే ఉండాలన్న నియమం లేదు.

వీలైతే ఒక పని చేయండి. వంట సోడా ద్రావణాన్ని ఒక పది నిమిషాలు మరిగించి, మంట మీద నుంచి దించిన తరువాత ఫినాఫ్తలీన్ వేయండి. మరిగేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా వెళ్లిపోయి బైకార్బొనేట్‌లో కొంత భాగం కార్బొనేట్‌గా మారుతుంది కనుక, ముందు రాని రంగు ఇప్పుడు వస్తుంది. ఫినాఫ్తలీన్ సీసాలో ఉన్నది ఆల్కహాల్ అన్న సంగతి మరవకండి, అది మంట దగ్గరకు వెళ్లకూడదు.

మూడో జవాబు
(విశ్రాంత ఉపాధ్యాయిని)

అధ్యాపకులు గారు చెప్పిన లెక్క చదివి ముచ్చట పడ్డాను. నేను ముప్పై ఒక్క ఏళ్లు పాఠం చెప్పాను, ఫినాఫ్తలీన్ రంగు ఇలా పోవడం ఒకటి రెండు సార్లు నాకూ జరిగింది, ప్రతిసారీ “మందు పాతదైపోయింది” అని పిల్లలకు చెప్పి తప్పించుకున్నాను. ఆ పిల్లలు ఇప్పుడు నలభై దాటి ఉంటారు.

మాస్టారు గారూ, మీకంటే పెద్దదాన్ని కనుక ముందు ఒక మాట అంటాను, ఏమీ అనుకోవద్దు. నీళ్లు తాగే గాజు గ్లాసులను ఈ ప్రదర్శనకు వాడడం నేను చూస్తూ ఊరుకోలేను. అవి చూడడానికి నీళ్లలాగే ఉన్నాయని మీరే రాశారు. ఎండాకాలంలో ఆటల పీరియడ్ నుంచి వచ్చిన పిల్లవాడికి బల్ల మీద నీళ్ల గ్లాసు కనిపిస్తే ఏం చేస్తాడో మీకు చెప్పనక్కరలేదు. రెండు మోలార్ కాస్టిక్ సోడా, అంటే మీ సోడియం హైడ్రాక్సైడ్, గొంతులో పడినా, కంట్లో పడినా ఆ నష్టం తీర్చలేనిది. ఫినాఫ్తలీన్ కూడా పానకం కాదు. ఒకప్పుడు దానిని విరేచనం మాత్రల్లో వాడేవారు, కేన్సర్ భయం వల్ల 1999లో అమెరికాలో అలాంటి మాత్రలను ఆపేశారు. బీకర్లు లేకపోతే పైన గీతలు గీసి పేర్లు రాసిన సీసాలు పెట్టండి. కళ్లజోడు మీరు పెట్టుకోండి, ముందు బెంచీని రెండడుగులు వెనక్కి జరపండి.

ఇక మందార గురించి. మీ రసం పాడుకాలేదు, అది తన పని తాను చక్కగా చేసింది. బోరు నీటిలో బైకార్బొనేట్లు కరిగి ఉండడం వల్ల ఆ నీరు చాలా చోట్ల పీహెచ్ 8 ప్రాంతంలో ఉంటుంది. మందారలోని రంగు పదార్థం ఆంథోసయనిన్ జాతిది, ఆమ్లంలో ముదురు గులాబీగా, క్షారంలో ఆకుపచ్చగా మారుతుంది. మీ నీళ్లు దానిని అప్పుడే క్షారం వైపు లాగేశాయి కనుక మధ్యస్థమైన ఆ బూడిద నీలం వచ్చింది. అందులో రెండు చుక్కల నిమ్మరసం పిండండి, ముదురు గులాబీగా వెలిగిపోతుంది. వాన నీటినో, శుద్ధి చేసిన క్యాను నీళ్లనో వాడితే ఆ చిక్కే ఉండదు. పూవు మధ్యలోని పుప్పొడి కాడనూ, కింద ఉన్న పచ్చటి తొడిమనూ తీసేసి, రేకులను మాత్రమే వేడి నీటిలో నానబెట్టండి. గంటల తరబడి మరిగిస్తే రంగు చెడుతుంది. దొడ్డిలో నీలి శంఖుపుష్పం తీగ ఉంటే మందారనూ పక్కన పెట్టవచ్చు. దాని నీలం నిమ్మరసంలో ఊదాగా, ఇంకా పులుపు పెరిగితే గులాబీగా మారుతుంది, వంట సోడాలో ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. పట్నంలో ఉన్నవారు ఎర్ర క్యాబేజీ అంటారు కానీ, మండల కేంద్రంలో కూరగాయల బండి మీద అది నాకు ఎన్నడూ కనపడలేదు.

పూల రసంతో ఆమ్లాన్ని పరీక్షించడం చిన్నపిల్లల ఆట అనుకోవద్దు. రాబర్ట్ బాయిల్ 1664లో రంగుల మీద రాసిన గ్రంథంలో వయొలెట్ పూల పానకం ఆమ్లంలో ఎర్రగా, క్షారంలో ఆకుపచ్చగా మారడాన్ని వర్ణించాడు. ఫినాఫ్తలీన్‌ను అడాల్ఫ్ ఫాన్ బేయర్ తయారు చేసింది 1871లో, అంటే పూలు దానికంటే రెండు వందల ఏళ్లు పెద్దవి.

వంట సోడాను ఫినాఫ్తలీన్ పట్టుకోలేదన్నారు కదా, దానిని పట్టుకునేది మన వంటింట్లోనే ఉంది. పసుపులోని కర్కుమిన్ పీహెచ్ 7.4 దాటిన దగ్గరి నుంచే ఎర్రబడడం మొదలుపెడుతుంది. నేను ప్రతి ఏడూ ఈ పాఠాన్ని ఎర్రనీళ్లతో మొదలుపెట్టేదాన్ని. ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి చెంచాడు పసుపు కలిపేదాన్ని, తాంబూలంలో వేసుకునే సున్నం చిటికెన వేలి గోటి మీద పట్టేంత తీసి ఆ నీటి అంచున రాసేదాన్ని. రాసిన చోట ముందు నారింజ రంగు తేలుతుంది, వేలితో తిప్పుతుంటే అది ఎర్రటి పాయలుగా సాగి, పళ్లెం మధ్యకు చేరేసరికి నీళ్లన్నీ కుంకుమ రంగుకు తిరుగుతాయి. “ఇది దిష్టి నీళ్లు కదా టీచర్” అని తరగతిలో సగం మంది ఒక్కసారే అనేవారు. పెళ్లికూతురికీ, పురిటి నుంచి వచ్చిన బాలింతకూ ఇంట్లో దిష్టి తీయడం వాళ్లు చూసినదే, కాళ్లకు పెట్టే పారాణి కూడా ఇదే పసుపు, ఇదే సున్నం. అప్పుడు నిమ్మకాయ కోసి పళ్లెంలో పిండేదాన్ని. ఎరుపు విరిగి మళ్లీ పసుపు తేలుతుంటే, సూచిక అన్న మాటకు నిర్వచనం నేను నల్లబల్ల మీద రాయకముందే వాళ్లు చెప్పేవారు.

అయితే పసుపుకు ఉన్న లోపం కూడా చెప్పాలి. అది మంచినీటిలోనూ పసుపే, నిమ్మరసంలోనూ పసుపే, కాబట్టి ఆమ్లాన్నీ తటస్థ ద్రావణాన్నీ వేరు చేయలేదు. ఆ పని మందార చేస్తుంది. పసుపు నీటిలో సరిగా కరగదు కనుక కాగితాలు తయారు చేసేటప్పుడు స్పిరిట్‌లో కలిపి వడగట్టి, ఆ తేటలో వడపోత కాగితాన్ని ముంచి నీడన ఆరబెట్టండి. ఎండలో ఆరబెడితే వెలిసిపోతుంది. ఒక రోజు పని చేస్తే తరగతి మొత్తానికి ఏడాది పొడుగునా సరిపోతాయి, లిట్మస్ కోసం బడ్జెట్ అడగనక్కరలేదు.

ప్రశ్న అడిగినవారి తిరుగు సమాచారం

అందరికీ ధన్యవాదాలు. ముందుగా అధ్యాపకులు గారికి: సీసాలో మిగిలిన బిళ్లలను పక్కనే ఉన్న కిరాణా కొట్టులో సీసాతో సహా తూకం వేయించి, పాత నమోదుతో పోల్చి చూస్తే తగ్గింది 22 గ్రాములు. ఆనాడు పాత్ర వేడెక్కిన మాట కూడా నిజమే, కరుగుతోంది కదా అని నేను పట్టించుకోలేదు. మేడమ్ గారూ, తాగే గ్లాసుల విషయంలో మీరు అన్నది నూరు శాతం సబబు. వాటిని ఆ రోజే పగలగొట్టి పారేయించాను, ఇప్పుడు బీకర్లే వాడుతున్నాను.

సోమవారం నాడు మొదట 0.02 మోలార్ ద్రావణంతో పాత ప్రదర్శననే మళ్లీ చేశాను. గులాబీ రంగు పీరియడ్ చివరి దాకా బల్ల మీద అలాగే ఉంది. తరువాత రంగు పోయిన పాత ద్రావణాన్ని ఒక మిల్లీలీటరు తీసి నీటిలో కలిపి, రంగు రావాలంటే ఇందులో ఏం వేయాలని అడిగితే, తరగతి మొత్తం క్షారం అని అరిచింది. క్షారం వేశాను, ఏమీ కాలేదు. మరో బీకరులో అదే ద్రావణాన్ని అలాగే కలిపి తీసుకుని వెనిగర్‌ను బీకరు గోడ మీదుగా జార్చాను. నాలుగో చుక్కకో ఐదో చుక్కకో సన్నటి గులాబీ చారలు అడుగు నుంచి పైకి లేచాయి, ఒక నిమిషానికి బీకరంతా లేత రంగు పట్టింది. ఇంకా వెనిగర్ పోయగా పోయగా ఆ రంగు మళ్లీ పోయింది. ఒకే బీకరులో రంగు లేని స్థితి, గులాబీ, మళ్లీ రంగు లేని స్థితి వరుసగా కనిపించేసరికి, ఆ మొదటిదీ ఈ చివరిదీ ఒకటి కాదన్న సంగతి నేను చెప్పకుండానే అర్థమైంది.

వంట సోడాను మరిగించడం అన్నింటికంటే ఎక్కువ మందికి నచ్చింది. దించిన తరువాత ఫినాఫ్తలీన్ వేస్తే చక్కని గులాబీ రంగు వచ్చింది. కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోవడం వల్ల ఇలా జరిగిందని చెబుతుంటే, మొన్న రంగు పోతోందని పట్టుకున్న ఆ అమ్మాయే మళ్లీ లేచి, “వెళ్లిపోయిన దాన్ని మనం ఊదితే రంగు పోవాలి కదా సార్” అంది. ఆ ద్రావణంలో ఒక చెంచా తీసి బీకరెడు నీటిలో కలిపి, ప్లాస్టిక్ గొట్టం ఇచ్చి ఊదమన్నాను. ఒకరి తరువాత ఒకరు, ముగ్గురు పిల్లలు ఊదేసరికి రంగు పోయింది. మొదటి జవాబు ఇచ్చిన మాస్టారు గారూ, మీ కార్బన్ డయాక్సైడ్‌కు కూడా ఆ విధంగా న్యాయం జరిగింది.

విశ్రాంత ఉపాధ్యాయిని

చాలా సంతోషం. ఇంకొక్క జాగ్రత్త చెప్పి ఊరుకుంటాను. పిల్లలతో ఊదించేటప్పుడు ఎవరి గొట్టం వారికి ఇవ్వండి, ప్రతి గొట్టానికీ నోటికి రెండంగుళాల దిగువన గుండుసూదితో రెండు మూడు రంధ్రాలు పొడవండి. ఊదితే గాలిలో చాలా భాగం కిందికి వెళుతుంది, పొరపాటున పీల్చితే మాత్రం ఆ రంధ్రాల గుండా గాలే నోట్లోకి వస్తుంది, ద్రావణం పైకి ఎక్కదు.